టీనేజ్ పిల్లలకి గోల్ పెట్టుకోవడం నేర్పాలంటే ముందు అది ఎవరి గోలో తేల్చుకోవాలి

పద్నాలుగేళ్ళ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి "నీ గోల్ ఏంటమ్మా" అని అడిగి చూడండి. రెండు సెకన్లు మన మొహం చూస్తుంది, మనకి ఏం వినాలని ఉందో లెక్కేసుకుంటుంది, అదే చెప్పేస్తుంది. ఫస్ట్ ర్యాంక్ అంటుంది, డాక్టర్ అంటుంది, ఫోన్ తగ్గిస్తా అంటుంది. మనం హమ్మయ్య అనుకుని లేచి వెళ్ళిపోతాం. ఆ మాట మాత్రం ఆ గది గడప కూడా దాటదు, ఎందుకంటే అది మనల్ని అక్కణ్ణుంచి పంపించెయ్యడానికి ఇచ్చిన జవాబు.

నేను ఈ వయసు పిల్లలకి పాఠాలు చెప్తాను, ఇంట్లో కూడా ఇద్దరున్నారు, రెండు చోట్లా ఇదే ప్రశ్న ఇలాగే అడిగి ఇలాంటి జవాబులే చాలా ఏళ్ళు విన్నాను. ఇప్పుడు వేరేగా చేస్తున్నా, దాంతో తేడా కనిపిస్తోంది. అమ్మానాన్నలకీ టీచర్లకీ పనికొస్తుందని ఎలా చేస్తున్నానో వరసగా రాస్తున్నా. కొన్ని చోట్ల ఎక్కువ రాశాను, అక్కడే పిల్లలు ఎక్కువగా ఆగిపోతారు కాబట్టి.

ముందు "ఎందుకు" అనేది

ఎందుకు గోల్ పెట్టుకోవాలో లెక్చర్ ఇస్తే ఏ టీనేజర్ కూడా వినడు, అది మనందరికీ తెలుసు, అయినా ఇస్తాం. దానికి బదులు ఒక ప్రశ్న అడగండి. "ఈ మధ్య ఎవరూ చెప్పకుండా, ఎవరూ తిట్టకుండా, నీ అంతట నువ్వే నేర్చుకున్నది ఏదైనా ఉందా?" మొదట ఏం లేదు అంటారు. కొంచెం ఆగితే ఒకటి బయటికి వస్తుంది. గేమ్‌లో ఒక కష్టమైన లెవెల్ దాటడం, ఒక డాన్స్ స్టెప్, వీడియో ఎడిటింగ్, జుట్టు ఒక రకంగా అల్లుకోవడం, ఏదైనా పర్లేదు. అది పట్టుకుని లాగండి. ఎన్నిసార్లు ఓడిపోయావు? ఓడిపోయిన ప్రతిసారీ ఏం మార్చావు? అయిపోయిందని ఎలా తెలిసింది? మధ్యలో ఎందుకు మానెయ్యలేదు?

వాళ్ళు చెప్పే జవాబుల్లో అన్నీ ఉంటాయి. ఎక్కడికి చేరాలో తెలుసు, ఇప్పుడు ఎక్కడున్నారో స్క్రీన్ మీద కనిపిస్తోంది, తర్వాత వెయ్యాల్సిన అడుగు చిన్నది, తప్పు చేస్తే వెంటనే తెలిసిపోతోంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఆడమని ఎవరూ చెప్పలేదు. అప్పుడు చెప్పండి, "దీన్నే గోల్ పెట్టుకోవడం అంటారు, నీకు ఆల్రెడీ వచ్చు, ఇప్పుడు ఇంకో విషయం మీద వాడి చూద్దాం" అని. నాకు తెలిసినంతలో "ఎందుకు" అనే దానికి ఇంతకంటే గట్టి జవాబు లేదు, పైగా అది వాళ్ళ నోటి నుంచే వస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది, ఇది పిల్లలకి చెప్తే మెదలకుండా వింటారు. ఈ వయసులో పొద్దున ఎన్నింటికి లేవాలో, ఏ సబ్జెక్ట్ ఎప్పుడు చదవాలో, ఎక్కడికి వెళ్ళొచ్చో వెళ్ళకూడదో దాదాపు అన్నీ వేరేవాళ్ళే డిసైడ్ చేస్తారు. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అని ఇద్దరు సైకాలజిస్టులు 1980ల నుంచి చెప్తున్నది ఏంటంటే, మనిషికి లోపల్నుంచి ఉత్సాహం రావాలంటే మూడు కావాలి: ఇది నా నిర్ణయం అనిపించాలి, ఇది నాకు చేతనవుతోంది అనిపించాలి, నాతో ఎవరో ఉన్నారనిపించాలి. టీనేజర్‌కి మొదటిదే బాగా కరువు. తనకి తాను పెట్టుకున్న చిన్న గోల్ అంటే రోజులో ఒక అరగంట పూర్తిగా తన రాజ్యం అన్నమాట. అది మనం లాక్కుంటే ఇంక మిగిలేది ఇంకో హోంవర్కే.

మెదడు సంగతి కూడా కొంచెం తెలుసుకుంటే మనకి ఓపిక పెరుగుతుంది. ముందుచూపు, ప్లానింగ్, నోరు అదుపులో పెట్టుకోవడం, ఈ పనులు చూసుకునే నుదుటి వెనక భాగం పూర్తిగా ఎదిగేసరికి ఇరవై దాటి ఇరవై ఐదు దాకా వస్తుంది. అంటే పదిహేనేళ్ళ వాడికి మూడు నెలల తర్వాతి సంగతి మనకి కనిపించినంత స్పష్టంగా కనిపించదు, ఇందులో బద్ధకం ఏం లేదు. అందుకే వాడికి కాగితం, క్యాలెండర్, వారానికి ఒకసారి అడిగే మనిషి, ఇవన్నీ అవసరం. తలలో ఇంకా తయారుకాని పనిని కాసేపు ఇవి బయటినుంచి చేసిపెడతాయి.

ఒక్క మాట ఇక్కడే చెప్పెయ్యాలి. 1953లో యేల్ యూనివర్సిటీలో గోల్స్ రాసుకున్న 3 శాతం మంది, ఇరవై ఏళ్ళ తర్వాత మిగతా 97 శాతం మంది కంటే ఎక్కువ సంపాదించారు అనే కథ చాలా మంది స్పీకర్లు పిల్లలకి చెప్తారు. అలాంటి స్టడీ అసలు జరగలేదు. దయచేసి పిల్లలకి ఆ కథ చెప్పొద్దు, వాళ్ళు ఫోన్‌లో వెతికి నిమిషంలో పట్టేస్తారు, ఆ తర్వాత మనం చెప్పే నిజాలు కూడా నమ్మరు.

గోల్ ఎక్కడ దొరుకుతుంది

ఒక కాగితం, పెన్ను, పది నిమిషాలు. రాసేది మనం చూడం అని ముందే మాటివ్వండి, ఆ మాట మీద నిలబడండి. ప్రశ్న ఒక్కటే: "వచ్చే మూడు నెలల్లో నీ రోజుల్లో ఏది కొంచెం మారితే నీకు బాగుంటుంది?" జీవితం అనొద్దు, కెరీర్ అనొద్దు, ఆ మాటలు వినగానే వాళ్ళు మళ్ళీ మన మొహం చూడడం మొదలెడతారు. ఎన్ని వస్తే అన్ని రాయమనండి, పిచ్చివైనా సరే.

తర్వాత ఒక్కోదాని పక్కన ఈ టెస్ట్ పెట్టుకోమనండి: "ఇది నువ్వు చేశావని ఎవ్వరికీ ఎప్పటికీ తెలీదు అనుకో, అప్పుడు కూడా నీకు కావాలా?" ఇక్కడ సగం లిస్టు కొట్టేస్తారు. కొంతమంది మొహంలో ఆశ్చర్యం కనిపిస్తుంది, ఇన్నాళ్ళూ నాకు కావాలనుకున్నది నాకు అక్కర్లేదా అని. కొట్టేసినవి చెడ్డవని కాదు, అవి ఇంకొకరి కోసం చేసేవి అని వాళ్ళకి తెలిస్తే చాలు. మిగిలిన రెండు మూడింట్లో ఒక్కటి తీసుకోమనండి. ఒక్కటే. ఐదు గోల్స్ పెట్టుకున్న పిల్లలు రెండో వారానికి ఐదూ వదిలెయ్యడం నేను చాలాసార్లు చూశాను, ఆరంభశూరత్వం అని మనం వాళ్ళని అంటాం గానీ అసలు అన్ని ఎత్తుకోనివ్వడమే తప్పు.

ఆ ఒక్కటి గిటార్ మీద ఒక పాట వాయించడం అయ్యి, మీ మనసులో మాత్రం లెక్కల మార్కులు ఉన్నాయనుకోండి, మింగెయ్యండి. నిజంగా చెప్తున్నా, మొదటి గోల్ ఏంటి అనేది అంత ముఖ్యం కాదు, ఒకసారి మొదలుపెట్టి చివరిదాకా వెళ్ళి పూర్తి చెయ్యడం ఎలా ఉంటుందో ఒంటికి తెలియడం ముఖ్యం. మొదటి దాని గడువు రెండు మూడు వారాలు మించకుండా చూసుకోండి. ఆ పద్ధతి చేతికి వచ్చాక లెక్కలకి కూడా అదే పనికొస్తుంది.

"నాకేం లేదు, ఏదీ ఇంట్రెస్ట్ లేదు" అనే పిల్లలుంటారు. వాళ్ళని బతిమాలొద్దు, భయపెట్టొద్దు. కోరికలు అడగడం మానేసి చిరాకులు అడగండి. రోజూ నిన్ను విసిగించేది ఏంటి? పొద్దున్నే హడావుడిలో ఏదో ఒకటి మర్చిపోవడం, క్లాసులో డౌట్ ఉన్నా నోరు పెగలకపోవడం, రాత్రి నిద్ర పట్టకపోవడం, తమ్ముడు గదిలోకి దూరడం. చిరాకు ఉన్న చోట కోరిక దాక్కుని ఉంటుంది. ఒకబ్బాయి ఏమీ లేదు ఏమీ లేదని చివరికి "అందరిలో మాట్లాడాలంటే గొంతు వణుకుతుంది" అన్నాడు, అంతే, అక్కణ్ణుంచి వారానికి ఒక్కసారి క్లాసులో ఒక ప్రశ్న అడగడం వాడి గోల్ అయింది. కానీ అసలు దేనిమీదా ఆసక్తి లేకపోవడం వారాల తరబడి సాగుతూ, తిండి, నిద్ర, ఫ్రెండ్స్ అన్నిట్లోనూ మార్పు కనిపిస్తుంటే ఈ కాగితం పక్కన పెట్టి డాక్టర్‌తోనో కౌన్సెలర్‌తోనో మాట్లాడించండి.

ఇంకో జాగ్రత్త, దీన్ని చాలా మంది తేలిగ్గా తీసుకుంటారు. "ఇన్ని కిలోలు తగ్గాలి" అనే గోల్ టీనేజ్‌లో చాలా కామన్. ఎదిగే వయసులో బరువు అంకెని టార్గెట్‌గా పెట్టనివ్వకండి. దాని వెనక ఏముందో నెమ్మదిగా అడిగి, ఆగకుండా ఇంత దూరం పరిగెత్తడం, ఇన్ని పుషప్స్ తియ్యడం, టైమ్‌కి పడుకోవడం లాంటి వాటివైపు తిప్పండి. భోజనం మానేస్తున్నారు, తిన్నది దాస్తున్నారు అనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

కోరికని గోల్‌గా మార్చడం

"బాగా చదువుతా", "ఫిట్‌గా అవుతా", "ఫోన్ తగ్గిస్తా", ఇవన్నీ కోరికలు, వీటిని ఇలాగే వదిలేస్తే గాల్లో దీపం పెట్టినట్టే. ఎడ్విన్ లాక్ అనే ఆయన 1968లో మొదలుపెట్టి, తర్వాత గ్యారీ లేథమ్‌తో కలిసి కొన్ని దశాబ్దాలు ఇదే విషయం మీద పనిచేశారు. వాళ్ళు తేల్చింది ఏంటంటే, "నీకు చేతనైనంత చెయ్యి" అని చెప్పినవాళ్ళ కంటే, ఇదీ అని కచ్చితంగా ఉండి కొంచెం కష్టంగా కూడా ఉండే గోల్ ఉన్నవాళ్ళు బాగా చేస్తారు. కాకపోతే దాని మీద మనసు ఉండాలి, ఎంతవరకు వచ్చామో మధ్యమధ్యలో తెలుస్తుండాలి. మనం ప్రేమగా అనే మాటే కదా అది, "నీకు చేతనైనంత చెయ్యి నాన్నా" అని, కానీ చేతనైనంత అంటే ఎంతో ఆ పిల్లాడికి తెలీదు, రోజూ ఎక్కడో ఒక చోట ఆపేసి ఇంతే నాకు చేతనైంది అనుకుంటాడు.

స్మార్ట్ గోల్స్ అని వినే ఉంటారు, ఐదు అక్షరాలకి ఐదు రూల్స్. అది 1981లో జార్జ్ డోరన్ అనే ఆయన కంపెనీల్లో మేనేజర్ల కోసం రాసింది. చెడ్డదేం కాదు, కానీ పిల్లల చేత ఐదు గడులు నింపిస్తే అది ఫారమ్ నింపడం అయిపోతుంది. నేను రెండు ప్రశ్నలతోనే పని కానిస్తా.

ఒకటి, "అయిపోయిందని నీకు ఎలా తెలుస్తుంది?" దీనికి జవాబు చూసో లెక్కపెట్టో చెప్పగలిగేలా ఉండాలి. ఫిట్‌గా అవ్వడం కనిపించదు, ఆగకుండా రెండు కిలోమీటర్లు పరిగెత్తడం కనిపిస్తుంది.

రెండు, "ఇందులో నీ చేతిలో ఉన్నది ఎంత?" ఇది ఇంకా ముఖ్యం. స్కూల్ టీమ్‌కి సెలెక్ట్ అవ్వాలి అన్నాడు అనుకోండి, సెలెక్ట్ చేసేది కోచ్, ఎంతమంది పోటీకి వస్తారో తెలీదు. వాడి చేతిలో ఉన్నది వారానికి నాలుగు రోజులు ప్రాక్టీస్‌కి వెళ్ళడం, ఎడమ కాలితో రోజూ యాభై కిక్స్ కొట్టడం. టీమ్ అనే కల కాగితం పైన రాసుకోవచ్చు, కింద గోల్ అని రాసేది మాత్రం ఆ నాలుగు రోజులు, ఆ యాభై కిక్స్. సెలెక్ట్ కాకపోయినా అప్పుడు వాడి చేతిలో ఏదో ఒకటి మిగులుతుంది.

మార్కుల విషయంలో ఒక మెలిక ఉంది. పూర్తిగా కొత్తదీ, ఇంకా అర్థంకానిదీ అయిన సబ్జెక్ట్‌లో "90 తెచ్చుకోవాలి" అనే గోల్ పెడితే పిల్లలు కంగారులో అడ్డదారులు వెతుకుతారు, బట్టీ పట్టేస్తారు. అలాంటప్పుడు నేర్చుకునే గోల్ పెట్టమని లేథమ్ వాళ్ళే తర్వాత చెప్పారు, అంటే "ఈ చాప్టర్ లెక్కలు చెయ్యడానికి మూడు పద్ధతులు పట్టుకుంటా", "నేను తప్పు చేసే చోట్లు ఏవో ఈ వారం లిస్టు రాస్తా" లాంటివి. బేసిక్స్ వచ్చాక అంకె పెట్టుకోవచ్చు.

ఆ తర్వాత ముక్కలు చెయ్యడం. దీని గురించి అల్బర్ట్ బండూరా, డేల్ షంక్ 1981లో చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. లెక్కల్లో వెనకబడి, లెక్కలంటే ఇష్టం కూడా లేని చిన్నపిల్లలకి 42 పేజీల తీసివేతల పుస్తకం ఇచ్చారు, ఏడు రోజులు. కొంతమందికి చివరికల్లా 42 పేజీలు అవ్వాలన్నారు, కొంతమందికి రోజుకి ఆరు పేజీలన్నారు. పని ఒక్కటే, లెక్క ఒక్కటే, 42 అంటే ఏడు ఆరులే కదా. కానీ రోజుకి ఆరు అని పెట్టుకున్నవాళ్ళు బాగా నేర్చుకున్నారు, నాకు వచ్చు అనే నమ్మకం పెరిగింది, తర్వాత ఎవరూ చెప్పకపోయినా తీసివేతలు చెయ్యడానికి వాళ్ళే ఎక్కువ ఇష్టపడ్డారు. పిల్లలకి ఈ కథ చెప్పి, మీ 42 పేజీలు ఏంటి, మీ ఆరు పేజీలు ఏంటి అని అడగండి, చటుక్కున అర్థమైపోతుంది.

ఎంత టైమ్ పడుతుందో అడిగినప్పుడు వాళ్ళు చెప్పేది నమ్మకండి, అబద్ధం అని కాదు, మనుషులందరం ఇంతే. 1994లో వచ్చిన ఒక స్టడీలో కాలేజీ స్టూడెంట్స్ తమ థీసిస్ సగటున 34 రోజుల్లో అయిపోతుందన్నారు, నిజానికి 55 రోజులు పట్టింది. అందుకని "ఎంత టైమ్ పడుతుంది" అని కాకుండా "పోయినసారి ఇలాంటి పనికి నిజంగా ఎంత పట్టింది" అని అడగండి. ఆ అంకె మీద ప్లాన్ కట్టుకోమనండి.

అడ్డం వచ్చేది ముందే చూసుకోవడం

అన్నిట్లోకీ ఇక్కడే ఎక్కువ సేపు ఆగండి. కళ్ళు మూసుకుని నువ్వు గెలిచినట్టు ఊహించుకో అని చెప్పే అలవాటు చాలా మందికి ఉంది, కానీ గాబ్రియేల్ ఓటింగెన్ అనే సైకాలజిస్ట్ ఏళ్ళ తరబడి చూసి చెప్పింది ఏంటంటే, తియ్యటి ఊహ ఒక్కటే ఉంటే మనిషి కష్టపడడం తగ్గుతుంది, మనసుకి అది ఆల్రెడీ అయిపోయినట్టు అనిపిస్తుంది. ఊహతో పాటు వెంటనే "మరి దీనికి నాలో ఏం అడ్డం వస్తుంది" అని కూడా చూసుకోవాలి. దానికి పీటర్ గోల్‌విట్జర్ చెప్పిన "ఇలా అయితే అలా చేస్తా" అనే వాక్యం కలపాలి. ఈ రెండూ కలిపి 2011లో వచ్చిన ఒక స్టడీలో ఏంజెలా డక్‌వర్త్ వాళ్ళు 66 మంది హైస్కూల్ పిల్లల మీద చూశారు. పెద్ద పరీక్షకి ప్రిపేర్ అవుతున్న పిల్లలు వాళ్ళు. సగం మందితో అరగంట సేపు ఈ ఎక్సర్‌సైజ్ రాయించారు, మిగతావాళ్ళతో మామూలు వ్యాసం రాయించారు. ఎక్సర్‌సైజ్ రాసినవాళ్ళు తర్వాత మిగతావాళ్ళ కంటే 60 శాతానికి పైగా ఎక్కువ ప్రాక్టీస్ ప్రశ్నలు చేశారు. రాసింది అరగంటే.

ఎలా చేయించాలంటే, నాలుగు వాక్యాలు రాయమనండి. నాకు ఏం కావాలి. అది జరిగితే అన్నిటికన్నా బాగుండేది ఏంటి. దానికి నాలో ఉన్న అడ్డం ఏంటి. ఆ అడ్డం వచ్చినప్పుడు నేనేం చేస్తా.

మూడో వాక్యం దగ్గర పిల్లలు బయటి కారణాలు చెప్తారు, టైమ్ లేదు, హోంవర్క్ ఎక్కువ, ఇంట్లో గోల. వాటిని కొట్టిపారెయ్యకండి, కొన్ని నిజాలే, నిజమైతే సాయం చెయ్యండి. కానీ తర్వాత మెల్లిగా అడగండి, "టైమ్ ఉన్న రోజు కూడా చెయ్యలేదు కదా, ఆ రోజు ఏమైంది?" అప్పుడు అసలుది వస్తుంది. రోజూ బొమ్మ వెయ్యాలనుకున్న ఒకమ్మాయి మొదట టైమ్ లేదంది, తర్వాత ఫోన్ అంది, ఇంకాసేపటికి "నేను వేసింది బాగుండదు, చూస్తే నాకే ఏడుపొస్తుంది, అందుకే ఫోన్ తీసుకుంటా" అంది. చూశారా, ఫోన్ లాక్కుంటే ఆ అమ్మాయి సమస్య తీరేది కాదు. తన ప్లాన్ తనే ఇలా రాసుకుంది: "బొమ్మ బాలేదు అనిపిస్తే పేజీ చింపను, డేట్ వేసి పేజీ తిప్పేస్తా."

నాలుగో వాక్యంలో గడియారం టైమ్ కంటే ఇంకో పనికి ముడెయ్యడం మేలు. "రాత్రి ఎనిమిదింటికి" అంటే ఎనిమిది దాటిపోతుంది, ఆ రోజుకి పోయిందిలే అనుకుంటారు. "భోజనం అయ్యి ప్లేటు కడగ్గానే ఫోన్ ముందు గదిలో చార్జింగ్‌కి పెట్టి బొమ్మల పుస్తకం తీస్తా" అంటే ఆ ప్లేటే గుర్తు చేస్తుంది. వాక్యం వాళ్ళ మాటల్లోనే ఉండాలి, మనం దిద్దొద్దు, స్పెల్లింగ్ కూడా.

వారానికి పది నిమిషాలు

రోజూ అడిగితే పోలీసు డ్యూటీ అవుతుంది, అసలు అడక్కపోతే గాలికి పోతుంది. వారంలో ఒక రోజు, ఒకే టైమ్, పది నిమిషాలు. నడుస్తూనో బండిలో వెళ్తూనో మాట్లాడితే ఇంకా మంచిది, ఎదురెదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది. ప్రశ్నలు మూడు: ఏం అయింది, ఎక్కడ ఆగింది, వచ్చే వారం ఏం మారుస్తావు. "ఎందుకు చెయ్యలేదు" అని అడగొద్దు, దానికి సాకు తప్ప ఇంకే జవాబూ రాదు.

మధ్యలో రోజులు తప్పిపోతాయి, తప్పకుండా. ఒక రోజు మానేస్తే అంతా పోయినట్టే అని టీనేజ్ పిల్లలు చాలా గట్టిగా నమ్ముతారు, అక్కడే చాలా గోల్స్ చచ్చిపోతాయి. ఈ విషయం మీద లండన్‌లో ఫిలిపా లాలీ వాళ్ళు 96 మందిని చూశారు. కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, కొంతమందికి 18 రోజుల్లోనే వచ్చేస్తే కొంతమందికి 254 దాకా పట్టేలా ఉందని లెక్క తేలింది, అంటే 21 రోజుల్లో అలవాటు అయిపోతుంది అనే మాట పట్టుకుని ఎవరూ బాధపడక్కర్లేదు. ఇంకో ముఖ్యమైన సంగతి ఏంటంటే మధ్యలో ఒక రోజు మానెయ్యడం వల్ల అలవాటు పడడంలో చెప్పుకోదగ్గ నష్టం ఏమీ కనిపించలేదు. ఇది పిల్లలకి అంకెలతో సహా చెప్పండి, ఒకమ్మాయి ఇది విని భుజాలు దించి ఊపిరి తీసుకోవడం నేను కళ్ళారా చూశాను.

వరసగా రెండు వారాలు సగం కూడా అవ్వకపోతే, పిల్లల్ని అనకుండా గోల్ సైజు తగ్గించండి. ముప్పై నిమిషాలు పది అవ్వనివ్వండి.

మనం చెయ్యకూడనివి

వాళ్ళ గోల్‌ని చుట్టాలకి చెప్పొద్దు, ఆన్‌లైన్‌లో పెట్టొద్దు. అది వాళ్ళ సొంతది. పెద్దవాళ్ళు నలుగురిలో "మావాడు ఈమధ్య పరిగెడుతున్నాడండీ" అన్న మరుసటి రోజు నుంచి పరుగు మానేసిన పిల్లాడు నాకు తెలుసు.

పూర్తి చేస్తే ఇది కొనిస్తా అది కొనిస్తా అనొద్దు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు, బొమ్మలు వెయ్యడం ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొంతమందికి వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత ఆ పిల్లలు ఖాళీ టైమ్‌లో బొమ్మలు వెయ్యడం తగ్గిపోయింది. ఏమీ చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల్లో అలా జరగలేదు. ఇష్టం ఉన్న పనికి ముందే రేటు కడితే ఇష్టం కాస్తా కూలీ అయిపోతుంది. పూర్తయ్యాక కలిసి సంతోషపడండి, బయటికి తీసుకెళ్ళండి, అది వేరే.

పక్కింటి పిల్లలతో, అక్కతో, మన చిన్నప్పటితో పోలిక అస్సలు వద్దు. ఇది అందరికీ తెలిసిందే, ఎక్కువ రాయను.

ఇంకోటి, మనం కూడా ఒక గోల్ పెట్టుకుని ఆ పది నిమిషాల్లో మన సంగతీ చెప్పాలి. నేను ఆరు వారాలు ఒక గోల్ మీద తంటాలు పడ్డాను, మూడు వారాలు సరిగ్గా చెయ్యలేకపోయాను, ప్రతి వారం మా పెద్దమ్మాయి నన్ను అవే మూడు ప్రశ్నలు అడిగింది. తన గోల్ గురించి తను నిజం చెప్పడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

వదిలెయ్యడం కూడా నేర్పాలి

మొదలుపెట్టింది ఏదైనా చచ్చినా వదలకూడదు అని మనం పిల్లలకి నూరిపోస్తాం. నేను ఒప్పుకోను. 2007లో గ్రెగరీ మిల్లర్, కార్స్టన్ రోష్ టీనేజ్ వాళ్ళని ఒక ఏడాది పాటు గమనించారు. ఇక అందదు అని తెలిసిన గోల్‌ని వదల్లేని వాళ్ళ రక్తంలో, ఒంట్లో వాపుని సూచించే సీఆర్‌పీ అనే ప్రొటీన్ ఆ ఏడాదిలో పెరుగుతూ వచ్చింది. అందని దాని వెంట పడడం మనసుతో పాటు ఒంటి మీద కూడా పడుతుందన్నమాట.

కానీ కోపంలో వదిలెయ్యడం వేరు, ఆలోచించి వదిలెయ్యడం వేరు, ఆ తేడా నేర్పాలి. మేం పెట్టుకున్న రూల్ ఇది: చెడ్డ రోజున వదలకూడదు, వారం మాటల రోజునే నిర్ణయం తీసుకోవాలి, అది కూడా రెండు వారాలు వరసగా అదే అనిపిస్తే. అప్పుడు మూడు ప్రశ్నలు. ఇది ఇప్పటికీ నాకు కావాలా, లేక మొదలుపెట్టాను కాబట్టి చేస్తున్నానా? కష్టంగా ఉందా, లేక నాకు సరిపడదా? ఇది వదిలితే ఆ టైమ్ దేనికి పెడతాను? మూడో దానికి జవాబు ఉంటే చాలాసార్లు వదలడమే కరెక్ట్. కాగితం మీద గోల్ కొట్టెయ్యకుండా పక్కన డేట్ వేసి, ఎందుకు ఆపానో ఒక లైన్ రాయమనండి. ఆ లైన్లు నాలుగైదు పోగయ్యేసరికి తమ గురించి తమకి చాలా తెలుస్తుంది, ఏ టైమ్‌లో పని చెయ్యగలరో, ఎవరితో కలిసి చేస్తే సాగుతుందో, ఏ మాటకి వెనక్కి తగ్గుతారో.

మొదటి గోల్ పూర్తయ్యాక వెంటనే ఇంకోటి ఎత్తుకోనివ్వకండి, ఒక వారం ఖాళీ ఉండనివ్వండి. తర్వాతిది కొంచెం పెద్దది, నెలో రెండు నెలలో. ఈసారి నాలుగు వాక్యాలు వాళ్ళే రాసుకుంటారు, మీరు అడగాల్సింది తగ్గుతుంది. మూడోదో నాలుగోదో వచ్చేసరికి కొంతమంది పిల్లలు కాగితం చూపించడం కూడా మానేస్తారు. అది బల్ల మీద మడిచి కనిపించినా తెరవకండి. పది నిమిషాల మాటలకి మాత్రం మీరు ఎప్పటిలాగే రెడీగా ఉండండి, చెప్పాలనిపించినప్పుడు వాళ్ళే వస్తారు.